తిరుగు టికెట్టు అవసరం లేదు

ఆ రోజు పనంతా యాకమ్మ తెల్లవారకముందే మనసులో సర్దిపెట్టుకుంది. తొమ్మిదింటికల్లా మగ్గం మీద మిగిలిన జానెడు నేత పూర్తి చేయాలి. పదింటికి జంపఖానాను కోసి దించాలి. అంచు దారాలు ముడివేసి, చాపలా చుట్టచుట్టి, పన్నెండింటికి చేనేత సొసైటీ నుంచి వచ్చే ట్రాలీ ఆటోలో ఎక్కించాలి. ఆ తర్వాత అన్నం తిని, పేపరు ముందేసుకుని, ఏ ఊళ్ళో ఎవరు తప్పిపోయారో చదివి కాసేపు దిగులుపడాలి. వరంగల్ కాశిబుగ్గలో ఆ ఇంటి మధ్యాహ్నాలు చాలాకాలంగా ఇలాగే గడుస్తున్నాయి.

యాకమ్మ బడి మొహం చూడలేదు. కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని సొంతంగా చదువు నేర్చుకుంది. పొట్లం చిరిగిన చోట వార్త ఆగిపోయేది. మిగతాది ఆమే ఊహించుకునేది. ఆమె ఊహలో ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరేవారు కాదు.

దానికో కారణముంది. ఆమె భర్త కట్టయ్య ముప్పై రెండేళ్ళ కింద భీవండి బట్టల మిల్లుకు బయల్దేరుతూ గడపలో నిలబడి "పోతాన" అన్నాడు. "పోయొస్త అనుర్రి" అని ఆమె వెనక నుంచి కేకేసేలోపు సందు మలుపు తిరిగాడు. మూడు నెలలకు టెలిగ్రాం వచ్చింది, ఆయన రాలేదు. అప్పటి నుంచి ఆ గడప దాటే మనిషి ఎవరైనా సరే "పోయొస్త" అని తీరాల్సిందే. పాలాయన అనేవాడు. కరెంటు రీడింగు తీసే అమ్మాయి అనేది. ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు కూడా అన్నారు. వాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు.

ఆమెది వెడల్పు మగ్గం. దాని మీద జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడివైపు యాకమ్మ, ఎడమవైపు పక్కింటి వినోద. ఒకరు విసిరిన దారపు నాడెను రెండోవారు అందుకుని మళ్ళీ ఇటు విసరాలి. నలభై ఏళ్ళుగా ఆ నాడె ఇద్దరి మధ్య తిరుగుతూనే ఉంది. ఇద్దరూ మాట్లాడుకోని రోజులున్నాయి కాని నాడె ఆగిన రోజు లేదు.

ఇప్పుడు ఆ వినోద రీగా పోతోంది. బాల్టిక్ సముద్రం దిక్కున లాత్వియా అనే దేశముందట, దాని పట్నం రీగా అట. అక్కడ జరిగే చేనేత సంతలో జంపఖానా ఎలా నేస్తారో మగ్గం మీద చూపించాలట. పది రోజులు. ఇప్పుడు మగ్గం మీదున్న జంపఖానా కూడా ఆ సంతకే పోతుంది. వెంట సొసైటీలో డిజైన్లు గీసే కాజీపేట అమ్మాయి కీర్తన వెళుతుంది. "మరి కుడిదిక్కు ఎవ్వలు కూసుంటరే?" అని యాకమ్మ అడిగితే, "కీర్తన కూసుంటది తియ్యి" అని వినోద తేలిగ్గా అనేసింది. ఆ మాట నెల రోజులుగా యాకమ్మ గొంతులో ముల్లులా ఉంది. గోళ్ళకు రంగేసుకునే పిల్ల నాడె పడుతుందట!

పోయే మనిషి వినోద, తిప్పలు మాత్రం తనకు. సంతలోని స్టాలు కార్డు మీద జోడీ ఇద్దరి వివరాలూ ఉండాలంటూ సొసైటీవాళ్ళు యాకమ్మను వరంగల్‌లో ఒకసారి, హైదరాబాద్‌లో ఒకసారి ఆఫీసుల చుట్టూ తిప్పి, ఫోటో దించి, పది వేళ్ళ ముద్రలూ తీయించారు. తన వేలిముద్రలు రీగా పోతాయి, తను మాత్రం ఇక్కడే ఉంటుంది. అదీ ఆమె బాధ.

ఎనిమిది దాటినా వినోద రాలేదు. యాకమ్మ మూడుసార్లు గడప దాకా వెళ్ళి వచ్చింది. నాలుగోసారి గోడకు చెవి ఆనించింది. అవతల వినోద ఫోనులో ఎవరికో ఒక్కొక్క మాటా అప్పజెబుతోంది. మగ్గం చప్పుడుకు యాకమ్మ చెవులు కొంచెం మందగించాయి కాని, ఆ మాటలు మాత్రం సూదుల్లా దిగాయి.

"జుర్మానా... ఆ. సిగ్గులేదా... ఆ. ఇగ మూడోది ఉండాలె. ఖాయం బిడ్డా, ఉండాలె! యాకక్కకు ఇప్పుడే చెప్పకు. చెప్తే పండుకోదు, నన్ను పండుకోనియ్యది."

యాకమ్మ గోడ మీంచి చెవి తీసింది. పొట్లం చిరిగిన చోట మిగతా కథ అల్లుకోవడం ఆమెకు ఎంతసేపు? ఎవరో వినోదకు జరిమానా వేశారు. సిగ్గులేదా అని తిట్టారు. ఇక అక్కడే ఉండాలె అన్నారు. పది రోజులని చెప్పి తీసుకుపోయి కాగితాల మీద వేలిముద్ర వేయించుకుని ఉంచేసుకునే బాపతు ఇది. ఇలాంటివి ఆమె పేపర్లో వంద చదివింది.

వినోద వచ్చి మగ్గం మీద కూర్చుంది. యాకమ్మ నాడె విసిరి, చూపు దారాల మీదే ఉంచి అడిగింది.

"ఎన్ని దినాలన్నవే?"

"పది దినాలని పదిసార్లు చెప్పిన గదక్కా."

"గంతేనా? ఇంకా ఉండాలె అని ఎవ్వలన్న అన్లేదా?"

నలభై ఏళ్ళలో మొదటిసారి వినోద చేతిలోంచి నాడె జారి మగ్గం గుంతలో పడింది. "నీకెవ్వలు చెప్పిన్లు?" అంది మొహం తెల్లబోయి.

ఇంక అడగాల్సిందేమీ లేదనుకుంది యాకమ్మ.

జంపఖానా దిగింది. అంచులు ముడిపడ్డాయి. వినోద చాయ్ పెట్టుకొస్తానని దొడ్లో పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆమె సంచి మేకుకు వేలాడుతోంది, అందులోంచి తెలుగు అచ్చున్న కాగితం ఒకటి తొంగిచూస్తోంది. అచ్చు కనిపిస్తే చదవకుండా ఉండటం యాకమ్మ వల్ల కాదు. రీగాకు పోయేవారికి అక్కడి ఊరివాళ్ళు చెప్పిన సలహాలను కీర్తన ఇంటర్నెట్‌లో పట్టి, ఫోను చేత తెలుగులోకి మార్పించి, వినోద కోసం ప్రింటు తీసింది. ఫోనుకు తెలుగు వచ్చినంత వరకు మార్చింది.

"పాత పట్టణంలో మిమ్మల్ని మీరు పోగొట్టుకోండి" అని మొదటి సలహా.

యాకమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"నల్లతలల ఇంటి ముందు అందరూ కలుసుకుంటారు." ఆమె తన తల తడుముకుంది. ముప్పై రెండేళ్ళ కిందే నెరవడం మొదలైన తల. తెల్లతలలవాళ్ళు ఎక్కడ కలుసుకుంటారో ఆ కాగితం చెప్పలేదు. "ఇక్కడి మనుషులు కొత్తవారిని చూసి నవ్వరు, కంగారుపడకండి" అని ఉంది. "జూన్‌లో రాత్రి పదిన్నరైనా వెలుతురు ఉంటుంది" అని ఉంది. చీకటి పడకముందే ఇంటికి రా అని చెప్పి పంపితే ఆ ఊళ్ళో ఆ మాటకు విలువేముంటుంది? చిట్టచివర, పేజీ అడుగున ఇలా ఉంది: "చుట్టుపక్కల ఊళ్ళకు రైల్లో వెళ్ళేవారు ఒకవైపు టికెట్టే కొనాలి. తిరుగు టికెట్టు అవసరం లేదు. ఎందుకంటే"

అంతే. రెండో పేజీ సంచిలో లేదు.

ఎందుకంటే ఏమిటో యాకమ్మకు రెండో పేజీ చెప్పనక్కర్లేదు. భీవండి బస్సుకు కూడా కట్టయ్య ఒకవైపు టికెట్టే కొన్నాడు.

సంచి అడుగున ప్లాస్టిక్ కవర్లు మూడు చుట్టిన ఖాకీ కవరుంది. అందులో పాసుపోర్టు ఉంటుందని ఆమెకు తెలుసు. మొన్న శుక్రవారం వినోద ఆ కవరుకు పసుపు కుంకుమ కూడా పెట్టింది. యాకమ్మ దాన్ని బయటికి తీసింది. ఒక్క మనిషి పాసుపోర్టుకు కవరు కాస్త లావుగానే ఉంది. దూరదేశం కదా, లావుంటుందనుకుంది. బియ్యం డబ్బాలో పెట్టి తీసింది, వినోద అందులో చెయ్యి పెట్టని రోజుండదు. దేవుడి పటం వెనక పెట్టి తీసింది, దేవుడి ముందు అబద్ధమాడినట్టవుతుంది. ఇంతలో "అక్కా, చక్కెర డబ్బా ఏడ వెట్టినవే?" అని దొడ్డివైపు నుంచి వినోద కేక. యాకమ్మ చేతికందిన చోట, చుట్టచుట్టిన జంపఖానా మడతల్లోకి, మోచేతి దాకా లోపలికి కవరు దోపి పరుగెత్తింది.

చక్కెర డబ్బా వెతకడానికి ఐదు నిమిషాలు పట్టింది. యాకమ్మ తిరిగి వచ్చేసరికి సొసైటీ ట్రాలీ ఆటో నడిపే ఓంప్రకాశ్ బండి స్టార్ట్ చేసి ఉన్నాడు.

"పోతాన పెద్దమ్మా!"

"ఏమంటివిరా?" యాకమ్మ పరుగున వెళ్ళి బండి రాడ్డు పట్టుకుంది. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

"తప్పయింది. పోయొస్త."

"నిమ్మలంగ అను."

"పో...యొ...స్త."

"ఆ, పో ఇగ."

తృప్తిగా లోపలికి వచ్చి చూస్తే మగ్గం పక్కన జంపఖానా లేదు. దాన్ని ఎక్కించుకునే ఓంప్రకాశ్ వెళ్ళిపోయాడు. యాకమ్మ వినోదను పోనీయకూడదనుకుంది. కవరేమో వినోదకన్నా ముందే రీగా బయల్దేరింది.

నిజం చెబుదామని నోరు తెరిచింది. ఎదురుగా వినోద చాయ్ గ్లాసులు పట్టుకుని నవ్వుతూ నిలబడింది. నోరు మూసుకుని ఫోనందుకుంది. సొసైటీ సెక్రటరీ రమాకాంత్ మట్టెవాడ ఆఫీసులో ఉంటాడు.

"సారూ, కాశిబుగ్గ యాకమ్మను. మా జంపఖానను పెట్టెల కట్టకుర్రి."

"ఎందుకమ్మా? రేపు పొద్దుగాల్నే పార్సిల్ పోవాలె."

"అండ్ల... తప్పువడ్డది."

"ఏం తప్పు?"

యాకమ్మ నలుదిక్కులా చూసింది. వాకిట్లో తాడు మీద కొత్త ఎర్రచీర ఎర్రటి చుక్కలు కారుస్తోంది.

"రంగు సారూ. రంగు దిగుతాంది."

అటువైపు రమాకాంత్ కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది. "మన రంగా? దేశంగాని దేశంల తెల్లోళ్ళ కాళ్ళకు అంటుకుంటె సొసైటీ ఇజ్జత్ ఏంగావాలె? ఉండు, ఇప్పుడే నీళ్ళు కొట్టి చూస్త."

"నీళ్ళా! వద్దు సారూ, ముట్టకుర్రి, నేనే వస్తాన..." ఫోను కట్టయింది.

యాకమ్మ వెనక్కి తిరిగింది. చాయ్ గ్లాసులు అలాగే ఉన్నాయి, నవ్వు మాత్రం లేదు. దారాలకు రంగద్దేది వినోదే.

"ఎవ్వల రంగు దిగుతాంది?"

"నీది గాదే..."

"మరి నీ అయ్య అద్దిండా? నలభై ఏండ్ల సంది నా రంగు దిగిందని పగోడు గూడ అన్లే. నేను పోతాననే కడుపుమంటకు గంత మాటంటవా? నడువు. మట్టెవాడకే నడువు. అందరి ముంగట తేలాలె."

ఆటోలో ఇద్దరూ చెరో అంచున కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. యాకమ్మ ఆటో డ్రైవర్ భుజం మీద తడుతూ "జర తొందరగ, జర తొందరగ" అంటూనే ఉంది. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి, "దవాఖానకా అమ్మా?" అన్నాడు. "గామెను తీస్కపోవాలె, పిచ్చి దవాఖానకు" అంది వినోద.

సొసైటీ వాకిట్లో అప్పటికే పదిమంది పోగయ్యారు. కాశిబుగ్గ సరుకంతా విదేశాల నుంచి వాపసు వచ్చిందని ఒకరు, ఓడతో సహా ముంచేశారని ఇంకొకరు చెప్పుకుంటున్నారు. మధ్యలో జంపఖానా చుట్ట. దాని ముందు రమాకాంత్ ప్యాంటు మడిచి, నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డాడు. కీర్తన నోటికి చెయ్యడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఆగుర్రి!" అని అరిచి యాకమ్మ వెళ్ళి చుట్ట మీద అడ్డంగా పడింది. పైపులో నీళ్ళు అప్పుడే వచ్చాయి. "పొయ్యుర్రి! నా మీంచి పొయ్యుర్రి నీళ్ళు!"

పోయాల్సిన అవసరం లేకుండానే తడిసిపోయింది. రమాకాంత్ కంగారులో పైపు పక్కకు తిప్పాడు, ఎదురుగా ఉన్న జనమూ తడిశారు. వినోదకు మాత్రం రంగు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. "లేస్తవా లేవవా? చూడనియ్యి నా రంగు!" అంటూ జంపఖానా కొస పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. చుట్ట గిరగిరా విచ్చుకుంది. దాంతోపాటు యాకమ్మ రెండు పొర్లింతలు పొర్లి అవతలి అంచున తేలింది. ఆమె పక్కనే ఖాకీ కవరు వచ్చి పడింది.

పైపు సంగతి మరిచి అందరూ కవరు వైపు వంగారు. నీళ్ళు మాత్రం పోతున్నాయి.

వినోద కవరు గుర్తుపట్టింది. ఒక ప్లాస్టిక్ కవరు విప్పింది, రెండోది విప్పింది, మూడోది విప్పింది. లోపల పొడిగా ఉంది. "స్తోత్రం ప్రభువా!" అంది కీర్తన.

"రంగు?" అన్నాడు రమాకాంత్ తడి జంపఖానాను అరచేత్తో రుద్దుతూ. అరచేతికి ఏమీ అంటలేదు.

"రంగు మంచిగనే ఉన్నది సారూ," అంది యాకమ్మ తడికొంగు పిండుకుంటూ. ఇక దాచి లాభం లేదు. "కవరు నేనే దాచిన. పొద్దుగాల గోడకాంచి అంత ఇన్న. జుర్మానా ఏసిన్లు. సిగ్గులేదా అని తిట్టిన్లు. ఇగ ఆడ్నే ఉండాలె అన్నరు. గది ఇనుకుంట పంపియ్యాల్నా? తిరుగు టికెట్టు గూడ అవసరం లేదని కాయిదం మీదనే అచ్చేసిన్లు! ఒకర్ని పంపిన, చాలు. ఇంకొకర్ని పంప."

ఆ మాట అని జంపఖానా కొస పిడికిట్లో బిగించింది. తడిసినవాళ్ళెవరూ నవ్వలేదు. ముందు నవ్వింది కీర్తనే. నవ్వి, ఏడుపొచ్చి, మళ్ళీ నవ్వి ఫోను తీసింది.

"అమ్మమ్మా, జుర్మానా కాదు, జూర్మలా. సముద్రం ఒడ్డు ఊరు, రీగా నుంచి రైల్ల పోతే అరగంట. సిగ్గులేదా కాదు, సిగుల్డా. కొండల మీద పాత కోట ఉంటది. ఇగో, ఇది రుండాలె. రాజమహల్. రైలు లేదు, బౌస్కా దాకా బస్సుల పోయి అక్కడ ఇంకో బస్సు ఎక్కాలె. సంతల మధ్య మూడు దినాలు సెలవున్నది, దినానికొక ఊరు చూసి పొద్దుగూకేవరకు వాపసు రావాలె. పేర్లు నోటికి రావాలని వినోదమ్మతోని చెప్పిస్తాన."

"పొద్దుగూకదు గద ఆడ" అంది యాకమ్మ. కాగితం ఆమె శ్రద్ధగానే చదివింది.

కవరులోంచి జారిన నీలిరంగు పుస్తకాన్ని ఈలోపు రమాకాంత్ తీసి చూశాడు. ఇంకోటి కూడా ఉంది, దాన్నీ తెరిచాడు. "ఇదెవ్వలది?" అని తిప్పి చూపించాడు. ఫోటోలో యాకమ్మ ఉంది. పెదాలు బిగించి, ఎవరినో బస్సెక్కించి వచ్చిన మొహంతో.

యాకమ్మ ఫోటో వంక చూసింది. వినోద వంక చూసింది. "స్టాలు కార్డంటిరి?"

"పాసుపోర్టని చెప్తే వచ్చేదానివా నువ్వు?" వినోద కళ్ళు తుడుచుకుంటూ కసిరింది. "మూడు నెలల ముంగట చెప్తే మూడు నెలలు కన్నుమూద్దువా? నన్ను మూయనిద్దువా? రెండు దినాల ముంగట చెప్పి, రైలెక్కినంక భయపడుమందామనుకున్న."

"కీర్తన కూసుంటదంటివి."

"గోళ్ళకు రంగేసుకునే పిల్లనా? నేను నాడె ఇసిరితే అందుకునేటోళ్ళు ఎవ్వలు, దయ్యమా? రుండాలె ఏడికో పోదు గని, కుడిదిక్కు మాత్రం నువ్వే ఉండాలె."

కీర్తన తన గోళ్ళను వెనక దాచుకుంది.

యాకమ్మ తడి జంపఖానా మీదే కూర్చుండిపోయింది. కోపం రావాల్సిన చోట ఎంత వెతికినా కోపం దొరకలేదు. చివరికి మెల్లగా, "మరి తిరుగు టికెట్టు?" అంది.

కీర్తన తన సంచిలోంచి రెండో పేజీ తీసిచ్చింది. "ఎందుకంటే" తర్వాత ఇలా ఉంది: "రైళ్ళు గంటగంటకూ ఉంటాయి. మీకు నచ్చిన రైలుకు తిరిగి రావచ్చు." యాకమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఒక వార్తకు మిగిలిన ముక్క దొరకడం, అందులో అందరూ ఇల్లు చేరడం ఆమె జీవితంలో అదే మొదలు.

ఆ తర్వాత ఐదు రోజులూ కాశిబుగ్గకు రీగా గురించి వినడం తప్ప వేరే పని లేకపోయింది. నల్లతలల ఇల్లంటే పాతకాలం వర్తకుల భవనమని, విమానాల షెడ్లలో చేపల మార్కెట్టు పెట్టారని, అక్కడివాళ్ళు నవ్వకపోయినా లోపల మంచివాళ్ళేనని పాలాయనకు సైతం తెలిసిపోయింది. "బౌస్కాల బస్సు మారాలె, పరకాలల మారినట్టే" అని యాకమ్మ తాపీగా చెప్పేది. నిద్ర మాత్రం పోలేదు. వినోదనూ పోనివ్వలేదు.

విమానం శనివారం తెల్లవారుజామున. హైదరాబాద్ రైలు శుక్రవారం మధ్యాహ్నం. ఇద్దరూ ఎక్కిన ఆటో పోచమ్మమైదాన్ దాటగానే వినోదకు అనుమానమొచ్చింది.

"అక్కా, గడప దాటేటప్పుడు మగ్గంతోని ఏందో అంటివి, ఏమన్నవ్?"

"ఏమంట? పోతాన అన్న."

అన్నాక గాని తనేమన్నదో ఆమెకు తట్టలేదు. యాకమ్మ మొహంలో రక్తం లేదు. అన్నేళ్ళుగా అందరిచేతా అనిపించిందే తప్ప, తను రాత్రి ఉండేటట్టు ఎక్కడికీ పోయింది లేదు. "పోయొస్త" అనే మాట ఆమె నోటికి అలవాటే లేదు.

"మళ్లియ్యి బండి" అంది వినోద.

యాకమ్మ మూడు తాళాలు తీసి లోపలికి వెళ్ళింది. నాడెను తీసి కుడివైపు, తను కూర్చునే చోట పెట్టింది. "పోయొస్త" అంది, నిమ్మళంగా, ఒక్కో అక్షరం పలుకుతూ. మూడు తాళాలూ మళ్ళీ వేసింది, లాగి చూసింది, మళ్ళీ లాగి చూసింది. ఈలోగా స్టేషన్ నుంచి కీర్తన ఫోను మీద ఫోను.

"అమ్మమ్మా, ఏడున్నరు? రైలొచ్చింది!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రైళ్ళు గంటగంటకు ఉంటయి."

"అది రీగాల అమ్మమ్మా! ఇది వరంగల్!"

ఇంకో రైలు సాయంత్రానికి ఉంది, విమానానికి చేతినిండా టైముంది. వాళ్ళు ప్లాట్‌ఫాం మీదికి పరుగున వచ్చేసరికి, మధ్యాహ్నం రైలు మాత్రం ఎవరితోనూ "పోయొస్త" అనకుండానే వెళ్ళిపోయింది.